చెల్లింపు త్రోవపై సుంకము

సరకునకు వెల యుండుట న్యాయము. ఆ వెలను మనము ఏ సంచిలోనుండి తీసి యిచ్చుచున్నామో దానినిబట్టి వెల మాఱుట క్రొత్త న్యాయము. టెలిఫోను కంపెనీలును, సొమ్ము వసూలుచేయు మధ్యవర్తులును కొన్ని యేండ్లుగా ఈ క్రొత్త న్యాయమును ప్రజలకు అలవాటు చేయుచున్నారు. నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతముల గృహస్థులకు ఇది రెండువైపులనుండి తగులుచున్నది. ఇంటిలోని ఫోనుకు రూపాయలలో తగులుచున్నది. అమెరికాలో నున్న బిడ్డల ఫోనులకు డాలర్లలో తగులుచున్నది.

మొదట ఇంటి సంగతి. 2024 జూలై 3వ తేదీన జియో, ఎయిర్‌టెల్ కంపెనీలును, మఱునాడు వొడాఫోన్ ఐడియాయు తమ రేట్లను పెంచిన సంగతి చదువరులు మఱచియుండరు. జియోలో అంతకుముందు 239 రూపాయలుగా నున్న 28 దినముల పథకము 299 రూపాయలైనది. ఆ పెంపును గూర్చి ప్రతి అరుగుమీదను చర్చ జరిగినది. దానిమీద ఎక్కుచున్న చిల్లరను గూర్చి మాటలాడినవారు తక్కువ. 2021లో ఫోన్‌పే సంస్థ 50 రూపాయలు మించిన రీఛార్జీలపై ఒకటి రెండు రూపాయల రుసుమును కొందఱు ఖాతాదారులయొద్ద తీసికొన నారంభించినది. 2023 నవంబరులో గూగుల్ పే సైతము అదే బాట పట్టి 3 రూపాయల వఱకు తీసికొనసాగినది. ఆ రీఛార్జినే ఫోను కంపెనీవారి స్వంత యాప్‌లో చేసికొనినచో ఈ రుసుము లేదు. అంగడిలో నగదిచ్చి చేయించుకొనువానికి అంగడివానితోడి పరిచయమే రేటు.

మధ్యవర్తుల పక్షమున చెప్పదగిన మాట యొకటి కలదు. 2020 జనవరి 1 మొదలు యూపీఐ చెల్లింపులపై వర్తకునియొద్ద రుసుము తీసికొనరాదని ప్రభుత్వమువారు కట్టడి చేసిరి. అట్లగుటచే ఖర్చును ఎవరో యొకరినుండి రాబట్టుకొనవలసినవారైరి. ఊరక పనిచేయుమని ఏ కంపెనీని నిర్బంధింపలేము. రెండు రూపాయలు గొప్ప దోపిడియు గాదు. అయినను ఒక వెల చూపి, అంకెలన్నియు నొక్కించి, చివరిమెట్టున మఱియొక వెల చూపుట మర్యాద యనిపించుకొనదు. 2023 నవంబరు 30వ తేదీన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికారసంస్థ వెలువరించిన మార్గదర్శకములలో కొనుగోలుదారుని మభ్యపెట్టు పదుమూడు పద్ధతులు పేర్కొనబడినవి. వెలను మొదట దాచి తుదకు పెంచి చూపుట వానిలో నొకటి. ఆ నియమము ఈ చిల్లరకును వర్తించునా యని అడిగి చూడదగును.

చిల్లర మాట అట్లుంచి, ఈ పద్ధతి ముదిరినచో ఏ రూపము దాల్చునో తెలిసికొనగోరువారు అమెరికాలోని మన బిడ్డల ఫోనుబిల్లులు చూడవలెను. మిరప, పత్తి అమ్మిన సొమ్ముతోను, అది చాలనపుడు పొలముమీది అప్పుతోను పిల్లలను అచ్చటి చదువులకు పంపిన కుటుంబములు పలనాటిలో అనేకములు. మనము ఇచ్చట ముందుగా సొమ్ము చెల్లించి పిదప మాటలాడుదుము. అచ్చట నెలకొక బిల్లు పద్ధతి హెచ్చు. భార్యాభర్తలును పిల్లలును, ఒక్కొక్కప్పుడు ఒకే గదిలో నుండు స్నేహితులును గలసి, చవుకగా వచ్చునని నాలుగైదు లైన్లను ఒకే బిల్లుక్రింద తీసికొందురు. ఆ బిల్లును ప్రతినెలయు కంపెనీయే మన ఖాతానుండి తీసికొనునట్లు ముందుగా అనుమతి యిచ్చు ఏర్పాటునకు ఆటోపే యని పేరు. అట్లు అనుమతించినవారికి లైనుకు ఇంత యని తగ్గింపు. ఏమాటకామాట చెప్పవలెను: సొమ్ము సకాలమున చేరును, కంపెనీకి వసూలు శ్రమ తప్పును, కావున తగ్గింపు ఉభయతారకమే.

చిక్కు తరువాత వచ్చినది. ఈ తగ్గింపు తొలుత క్రెడిట్ కార్డు నిచ్చినవారికిని ఉండెడిది. 2023లో టీ-మొబైల్ కంపెనీ దానిని తొలగించి, బ్యాంకుఖాతానుగాని డెబిట్ కార్డునుగాని అప్పగించినవారికి మాత్రమే లైనుకు 5 డాలర్ల తగ్గింపు అని నిర్ణయించినది. వెరిజాన్ అంతకుముందే అట్టి కట్టడి చేసినది. తన పేరిట వెలువడు క్రెడిట్ కార్డునకు మాత్రము మినహాయింపు ఇచ్చుకొనినది! ఏటీ అండ్ టీ బ్యాంకుఖాతా నిచ్చినవారికి లైనుకు 10 డాలర్లును, కార్డు నిచ్చినవారికి అంతకు తక్కువయు నని అంతరువులు పెట్టినది. పూర్వము పలనాటిలో పుల్లరి పశువులను తలలెక్కపెట్టి వసూలు చేసెడివారు. 1921లో ఆ పన్నుపై మనవారు తిరుగబడిన చరిత్రతో ఈ ఫోనుబిల్లుల తగవు సాటి రాదు. తలలెక్క యను మాటకు మాత్రము పోలిక తోచుచున్నది.

ఏల యిట్లు చేసితిరని అడిగినచో, క్రెడిట్ కార్డుల ఖర్చు అధికమని సమాధానము. నిజమే. అచ్చట క్రెడిట్ కార్డు చెల్లింపుపై వర్తకుడు నూటికి రెండు డాలర్లకు అటునిటుగా బ్యాంకులకు ఇచ్చుకొనవలెను. పెద్దబ్యాంకుల డెబిట్ కార్డు రుసుమునకో 2010 నాటి చట్టముచే పరిమితి కలిగినది. 2011 అక్టోబరు మొదలు అది 21 సెంట్లును, సొమ్ములో పదివేలింట అయిదు వంతులును మించరాదు, మోసనివారణ ఖర్చునకు ఒక సెంటు అదనము. కార్డు వాడువారు అనుభవించు బహుమానపు పాయింట్ల ఖర్చును కార్డు లేని పేద చందాదారుడు ఏల భరింపవలె నను వాదముకూడ కొట్టివేయదగినది కాదు.

అయితే లెక్క వేసి చూడుడు. అయిదు లైన్ల కుటుంబమునకు నెలకు 200 డాలర్ల బిల్లు వచ్చిన దనుకొందము. దానిని క్రెడిట్ కార్డుతో చెల్లించినచో కంపెనీకి తగులు ఖర్చు సుమారు 4 డాలర్లు. డెబిట్ కార్డుతో చెల్లించినచో మూడవవంతు డాలరు. భేదము 4 డాలర్లకు లోపు. ఆ కుటుంబము పోగొట్టుకొను తగ్గింపు లైనుకు 5 చొప్పున 25 డాలర్లు! ఏడాదికి 300 డాలర్లు. 2025 నాటి మారకములో ఇరువదియైదు వేల రూపాయలకు పైమాట. నాలుగు డాలర్ల ఖర్చునకు ఇరువదియైదు డాలర్ల దండుగ విధించుటను ఖర్చుల సర్దుబాటు అందురా? క్రెడిట్ కార్డు నిచ్చినవాడును ఆటోపేకు అనుమతించినవాడే. అతని సొమ్మును గడువుతేదీకే చేరుచున్నది. కార్డు ఖర్చును తాను భరించెదనని అతడు ముందుకు వచ్చినను, ఆ నాలుగు డాలర్లు మాత్రమిచ్చి తగ్గింపును నిలుపుకొను త్రోవ అతనికి చూపబడలేదు. చందాదారుల కోపమునకు మూలము ఇచ్చటనే కలదు.

డబ్బుకంటె పెద్ద సంగతి మఱియొకటి. క్రెడిట్ కార్డుపై దొంగ పద్దు పడినచో, 1974 నాటి అమెరికా చట్టము ననుసరించి ఖాతాదారుని బాధ్యత 50 డాలర్లు మించదు; తగవు తేలువఱకు పోవునది బ్యాంకు సొమ్మేగాని అతని సొమ్ము కాదు. డెబిట్ కార్డు సంగతి వేఱు. 1978 నాటి చట్టము ప్రకారము రెండు పనిదినములలో తెలిపినచో 50 డాలర్లు, ఆలస్యమైనచో 500 డాలర్ల వఱకు, లెక్కచీటీ వచ్చిన 60 దినములు దాటినచో అటుపై పోయిన సొమ్మంతయు ఖాతాదారుని నెత్తిన పడవచ్చును. తగవు తేలులోపల ఇంటి అద్దెకు దాచిన సొమ్ము ఖాతాలో నుండదు.

ఇట్టి ఖాతాను తమకు అప్పగింపుమనుచున్న వారి కాపలా ఎట్టిది? 2021లో టీ-మొబైల్ భాండారములు దొంగలపాలై ఏడున్నర కోట్లకు మించిన జనుల వివరములు బయటపడినవి. ఆ వ్యాజ్యమును చందాదారులతో 35 కోట్ల డాలర్లకు రాజీ చేసికొనుటకు 2022లో కంపెనీ ఒప్పుకొనినది. 2023 జనవరిలో మరల 3 కోట్ల 70 లక్షల ఖాతాల వివరములు పోయిన ట్లు ప్రకటించినది. మా బ్యాంకుఖాతా వివరముల నిచ్చిననేగాని తగ్గింపు లేదనుట ఆ సంవత్సరముననే! ఏటీ అండ్ టీ యు తక్కువ తినలేదు. దాదాపు తన సెల్‌ఫోను చందాదారులందఱి కాల్ వివరములు పరులపాలైన ట్లు 2024 జూలైలో వెల్లడించినది. తలుపు రెండుమాఱులు ఊడిన యింటివాడు వచ్చి, మీ నగలపెట్టె మాయింట దాచినచో అద్దెలో కొంత తగ్గింతు మన్న ట్లున్నది.

ఈ విషయమున మన దేశపు కట్టుబాటు మెఱుగని చెప్పవలెను. 2021 అక్టోబరు 1 మొదలు, కార్డునుండి నెలనెలా సొమ్ము తీసికొనువారు 24 గంటల ముందు ఖాతాదారునకు తెలియజేయవలెననియు, 5,000 రూపాయలు మించినచో అతని క్రొత్త అనుమతి పొందవలెననియు రిజర్వు బ్యాంకు అమలు జరిపినది. ఆ పరిమితిని 2022 జూన్‌లో 15,000 రూపాయలకు పెంచిరి. మొదటి నెలలలో చాలమంది చెల్లింపులు ఆగిపోయి విసుగుచెందిరి. ఆ విసుగునకు ప్రతిఫలముగా ఖాతా తాళపుచెవి మనయొద్దనే నిలిచినది.

అట్లని ఇచ్చటి వ్యవహారమంతయు సవ్యముగా నున్నదని కాదు. త్రోవ యెన్నుకొను స్వేచ్ఛ ఒక్కసారిగా పోయిన నేమగునో 2024 జూలై 1వ తేదీన పలనాడు కన్నులార చూచినది. మన జిల్లాకు విద్యుత్తు సరఫరా చేయు ఏపీసీపీడీసీఎల్ బిల్లులను ఫోన్‌పే, గూగుల్ పే, పేటీఎంల ద్వారా చెల్లింప వీలులేదనియు, కంపెనీ యాప్‌లోగాని వెబ్‌సైటులోగాని చెల్లింపవలెననియు ప్రకటన వెలువడినది. బిల్లుల సొమ్ము భారత్ బిల్ పేమెంట్ వ్యవస్థద్వారా నడువవలెనని రిజర్వు బ్యాంకు ఆదేశించుటయు, గడువునాటికి విద్యుత్ కంపెనీలు దానిలో చేరకుండుటయు ఇందులకు కారణములు. పిమ్మట చేరినవి; పాతత్రోవలు మరల తెఱువబడినవి. వినియోగదారుడు చేసిన తప్పేమియు లేదు. అయినను దూరమందున్న కుమారుడు తన ఫోనునుండి తల్లిదండ్రుల బిల్లు చెల్లించు కుటుంబములలో, యాప్ ఎట్లు దింపుకొనవలెనో, సర్వీసు నంబరు ఎచ్చట నుండునో ముసలివారు ఇరుగుపొరుగును అడుగవలసివచ్చినది. ఇట్టి మార్పులకు నెలదినముల ముందు బిల్లు వెనుక నాలుగు తెలుగు పంక్తులు అచ్చువేయుటకు ఎంత ఖర్చగును?

ఫోను కంపెనీలయొద్దను టెలికాం నియంత్రణ సంస్థయొద్దను మనము అడుగదగినది స్వల్పము. ఒక చెల్లింపు పద్ధతికి తగ్గింపు ఇచ్చినచో, మఱియొకదానికి రుసుము వేసినచో, ఆ భేదము నిజమైన ఖర్చును మించరాదు. ఆ అంకె మొదటి పుటలోనే కనబడవలెను. అమెరికా పద్ధతి ఇచ్చట కాలూనకముందే అడుగుట మేలు.

ఈలోపల అచ్చటి చందాదారులు తమ యుపాయములు తాము చేసికొనుచున్నారు. కొందఱు ఆటోపేకు డెబిట్ కార్డు నమోదుచేసి తగ్గింపు నిలుపుకొని, కంపెనీ సొమ్ము లాగుకొను దినమునకు ముందే వచ్చి క్రెడిట్ కార్డుతో బిల్లు తీర్చివేయుచున్నారు. అంత ఓపిక లేనివారు వేఱొక బ్యాంకులో చిన్నఖాతా తెఱచి, దానిలో నెలబిల్లునకు సరిపడు సొమ్ముమాత్రమే యుంచి, జీతము పడు ఖాతాను ఫోను కంపెనీ కంట పడనీయక యున్నారు.