వార్తల్లో పదం: క్లాట్

పన్నెండో తరగతి తర్వాత జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల్లో ఐదేళ్ల లా కోర్సులో చేరడానికి రాసే పరీక్ష కామన్ లా అడ్మిషన్ టెస్ట్. పొట్టిగా క్లాట్. 2008కి ముందు ఒక్కో విశ్వవిద్యాలయం విడిగా పరీక్ష పెట్టుకునేది. ఇప్పుడు బస్తర్‌లోని గొల్లపల్లి విద్యార్థి ఒక్క ర్యాంకుతోనే రాయపూర్‌లోని హిదాయతుల్లా, హైదరాబాద్‌లోని నల్సార్, విశాఖలోని దామోదరం సంజీవయ్య వర్సిటీలకు పోటీపడొచ్చు. ఢిల్లీలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయానిది మాత్రం వేరే పరీక్ష, ఐలెట్.

క్లాట్‌లో 120 ప్రశ్నలు, రెండు గంటలు. తప్పు జవాబుకు పావు మార్కు కోత. ఇంగ్లిష్, వర్తమాన వ్యవహారాలు, న్యాయ తర్కం, తార్కిక ఆలోచన, లెక్కలు ఉంటాయి.

చట్టాలు బట్టీ పట్టక్కర్లేదు. సూత్రం ప్రశ్నలోనే ఇస్తారు. ఉదాహరణకు, మైనరుతో ఒప్పందం చెల్లదన్నది సూత్రం. పదిహేడేళ్ల కుర్రాడు వాయిదాల మీద బైక్ కొని డబ్బు కట్టలేదు. ఆ ఒప్పందం చూపి షాపువాడు బాకీ వసూలు చేసుకోగలడా? సానుభూతి పక్కనపెట్టి, సూత్రం ప్రకారం లేడనాలి.

అసలు చిక్కు భాషతోనే. ప్రశ్నపత్రం ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. హిందీ, తెలుగు మాధ్యమాల వారు రోజూ ఇంగ్లిష్ సంపాదకీయం చదివి, సారాంశం రాసి, పాత ప్రశ్నపత్రాలను గడియారం పెట్టుకుని చేయాలి. తెలుగు రాష్ట్రాల లా ప్రవేశ పరీక్ష లాసెట్‌లోనైతే ప్రశ్నలు తెలుగులోనూ ఉంటాయి.