పంపినవాడి పరపతి

హైదరాబాద్ ప్రగతి నగర్‌లో ఒక ఫ్లాట్‌లో, మామూలు ఇంటి బ్రాడ్‌బ్యాండ్ మీద, పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ ఎక్కించి సొంత మెయిల్ సర్వర్ పెట్టడం పెద్ద విద్యేమీ కాదు. పక్కనే జేఎన్‌టీయూలో చదివే కుర్రాడెవరైనా ఓ ఆదివారం పూట పెట్టేయగలడు. పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, చెప్పిపెట్టే వీడియోలు బోలెడున్నాయి. చిక్కంతా ఆ తర్వాతే. అక్కణ్నించి ఏ జీమెయిల్ ఖాతాకో ఉత్తరం పంపితే అది సాధారణంగా గడప దాటదు. చాలాచోట్ల ఇంటర్నెట్ ఇచ్చే సంస్థే మెయిల్ వెళ్లే 25వ నంబరు పోర్టు మూసి ఉంచుతుంది. ఒకవేళ దాటినా అవతలి సర్వర్ 550 అనే తిరస్కరణ అంకె చూపించి వెనక్కి పంపిస్తుంది. లోపల అమ్మకు రాసిన క్షేమసమాచారం ఉందా, కోటి రూపాయల లాటరీ తగిలిందన్న బురిడీ ఉందా అని విప్పి కూడా చూడదు. ఈ చిరునామా నుంచి నేరుగా మెయిల్ తీసుకోం, మీ ఇంటర్నెట్ కంపెనీ సర్వర్ ద్వారా పంపుకోండి అంటుంది, అంతే.

ఆ కుర్రాడు చేసిన తప్పేమీ లేదు. ఇళ్లకు ఇచ్చే ఐపీ చిరునామాల నుంచి మెయిల్ సర్వర్లు నడవవు, నడిస్తే అది వైరస్ పట్టిన కంప్యూటరే అయి ఉంటుందన్న అనుమానంతో లోకం నడుస్తోంది. అలాంటి చిరునామాలకు స్పామ్‌హౌస్ అనే సంస్థ 2007 నుంచి విడిగా ఒక జాబితానే నడుపుతోంది. అందులో కొన్ని వరసలను ఇంటర్నెట్ కంపెనీలే స్వయంగా రాయించుకుంటాయి. ఉత్తరం చదవకుండా, రాసినవాడి పరపతిని బట్టి లోపలికి రానివ్వాలా వద్దా తేల్చే ఈ యంత్రం ఎక్కడ పుట్టి, ఎలా పెరిగి, ఇంత అధికారం ఎలా సంపాదించిందో చూడాల్సిందే.

అక్కర్లేని ఉత్తరం మాత్రం యంత్రం కంటే చాలా ముందే పుట్టింది. 1978 మే నెలలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ ఉద్యోగి గ్యారీ థ్యూర్క్ తమ కొత్త కంప్యూటర్ల ప్రదర్శనకు రమ్మంటూ, ఇంటర్నెట్‌కు ముందున్న అర్పానెట్‌లో దాదాపు 400 మందికి ఒకే ఉత్తరం పంపాడు. చీవాట్లు బాగానే తిన్నాడు. అప్పటి నెట్‌వర్క్‌లో అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే కాబట్టి చీవాట్లతో సరిపోయింది. 1994 ఏప్రిల్‌లో అమెరికాలోని ఫీనిక్స్ నగరానికి చెందిన క్యాంటర్, సీగెల్ అనే లాయర్ దంపతులు యూజ్‌నెట్‌లోని వేల చర్చాబృందాల్లో గ్రీన్‌కార్డు లాటరీ ప్రకటన గుప్పించినప్పుడు చీవాట్లు పనిచేయలేదు. వాళ్లు సిగ్గుపడకపోగా, ఇదే వ్యాపార మార్గమని పుస్తకం కూడా రాశారు. తమాషా ఏమిటంటే, గ్రీన్‌కార్డు మాట వింటే చెవులు రిక్కించే మనవాళ్లకు ఆ లాటరీతో పనే లేదు. ఇండియాలో పుట్టినవాళ్లు దానికి అర్హులు కారు. అర్హత ఉన్నా లేకున్నా ప్రకటన మాత్రం అందరి కళ్లముందూ పడింది. స్పామ్ స్వభావం అక్కడే బయటపడింది: పంపేవాడికి ఖర్చు లేదు, చదివేవాడికే ఖర్చు.

1997లో కాలిఫోర్నియాలో పాల్ విక్సీ, డేవ్ ర్యాండ్ కలిసి మొదటి కాపలా పెట్టారు. ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను నడిపే బైండ్ సాఫ్ట్‌వేర్‌ను ఏళ్ల తరబడి సాకిన మనిషి విక్సీ. స్పామ్ పంపే యంత్రాల చిరునామాలు, వాటికి కొమ్ముకాసే సంస్థల చిరునామాలు ఒక జాబితాగా రాసి, నమ్మకమున్నవాళ్లకు ఇచ్చారు. పేరు రియల్‌టైమ్ బ్లాక్‌హోల్ లిస్ట్. మొదట్లో అది రూటర్ల భాషలోనే ఉండేది. జాబితాలో ఉన్నవాడి వైపు దారే లేనట్టు రూటర్ ప్రవర్తించేది. మెయిల్ ఒక్కటే కాదు, అన్నీ ఆగిపోయేవి. నిజానికిది మొరటు పద్ధతి.

దాన్ని మచ్చిక చేసిన ఉపాయం మాత్రం ఎన్నిసార్లు చూసినా ముచ్చటేస్తుంది. ప్రపంచంలో ప్రతి కంప్యూటరూ ఇప్పటికే వాడుతున్న డీఎన్ఎస్‌నే, అంటే పేరు చెబితే నంబరిచ్చే డైరెక్టరీనే, వాకబుకు వాడుకున్నారు. ఉదాహరణకు 203.0.113.25 అనే చిరునామా నుంచి ఎవరో తలుపు తట్టారనుకోండి. మెయిల్ సర్వర్ ఆ నాలుగు అంకెలనూ తిరగేసి, చివర జాబితా పేరు తగిలించి, 25.113.0.203.జెన్.స్పామ్‌హౌస్.ఆర్గ్ అనే పేరు ఎక్కడుందో చెప్పమని డైరెక్టరీని అడుగుతుంది. అలాంటి పేరే లేదని జవాబొస్తే ఆ జాబితా వరకు అడ్డు లేనట్టే. 127.0.0.2 అని వస్తే ఎరిగిన స్పామ్ మూలం. 127.0.0.4 అయితే వైరస్ పట్టిన యంత్రం. చివర్లో 10 గానీ 11 గానీ ఉంటే మన ప్రగతి నగర్ కుర్రాడి లాంటి ఇంటి కనెక్షన్. ప్రశ్నా జవాబూ కలిపి రెప్పపాటులో ముగుస్తాయి. ఉత్తరం ఇంకా బయల్దేరనే లేదు, తీర్పు మాత్రం వచ్చేసింది. కొత్త యంత్రాలు, కొత్త తీగలు ఏమీ అక్కర్లేకుండా, ఉన్న వ్యవస్థకే ఇంకో పని అప్పజెప్పారు.

సంబంధం కుదుర్చుకునేటప్పుడు మనవాళ్లు చేసేదీ ఇదే. అబ్బాయి పంపిన బయోడేటా ఒకసారి తిరగేసి పక్కన పెడతారు. అసలు వాకబు అతను అద్దెకున్న అపార్ట్‌మెంట్‌లో, పనిచేసే ఆఫీసులో, తెలిసినవాళ్ల తెలిసినవాళ్ల దగ్గర జరుగుతుంది.

1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించారు. ఆ ఏడాదే స్టీవ్ లిన్‌ఫర్డ్ బ్రిటన్‌లో స్పామ్‌హౌస్ మొదలుపెట్టాడు. ఒకదానికొకటి సంబంధం లేదు గానీ, ఆ తర్వాతి పదేళ్లలో హైదరాబాద్ కంపెనీల మెయిళ్లు గమ్యం చేరాయా లేదా అన్నది చాలావరకు ఇలాంటి జాబితాల చేతుల్లోకే వెళ్లింది. జాబితాకెక్కినవాళ్లు ఊరుకుంటారా? ఈ360 అనే అమెరికా మెయిల్ మార్కెటింగ్ కంపెనీ స్పామ్‌హౌస్ మీద కేసు వేసింది. స్పామ్‌హౌస్ వాదనకు నిలబడకపోవడంతో 2006లో కోర్టు కోటీ పదిహేడు లక్షల డాలర్ల పరిహారం కట్టమంది. కేసు అప్పీళ్లలో నలిగి నలిగి 2011లో తేలేసరికి ఆ మొత్తం మూడు డాలర్లయింది. అవును, మూడే. 2013 మార్చిలో ఇంకో జాబితా తగాదా ముదిరి, స్పామ్‌హౌస్ మీద సెకనుకు 300 గిగాబిట్ల వరద వదిలారు. అప్పటికి బయటపడ్డ దాడుల్లో అదే అతి పెద్దది. జాబితాకు పరపతి ఎంత పెరిగిందో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

మధ్యలో ఇంకో దారి కూడా జోరుగా నడిచింది. ఉత్తరంలోని మాటలు లెక్కబెట్టి స్పామ్ పసిగట్టే బేయీషియన్ పద్ధతిని 2002లో పాల్ గ్రాహం తన వ్యాసంతో ప్రచారంలోకి తెచ్చాడు. కొన్నాళ్లు అద్భుతంగా పనిచేసింది. స్పామర్లు అక్షరాల మధ్య చుక్కలు పెట్టారు, మాటల్ని బొమ్మలుగా మార్చి పంపారు. 2004 జనవరిలో బిల్ గేట్స్ దావోస్‌లో మరో రెండేళ్లలో స్పామ్ పీడ విరగడవుతుందన్నారు. ఆ జోస్యం సంగతి మీ స్పామ్ ఫోల్డరే చెబుతుంది. మాట మార్చడం తేలిక, చరిత్ర మార్చడం కష్టం. అందుకే బరువంతా మళ్లీ పంపినవాడి మీదకే మళ్లింది. ఐరన్‌పోర్ట్ కంపెనీ 2003లో తెచ్చిన సెండర్‌బేస్, జాబితాలో ఉందా లేదా అనడంతో ఆగకుండా, ప్రతి చిరునామాకూ మైనస్ 10 నుంచి ప్లస్ 10 దాకా మార్కులు వేసింది. నిన్నటిదాకా రోజుకు పది ఉత్తరాలు పంపిన చిరునామా ఇవాళ హఠాత్తుగా లక్ష పంపితే మార్కులు పడిపోతాయి. 2007లో సిస్కో ఆ కంపెనీని 83 కోట్ల డాలర్లకు కొన్నది.

చిరునామాను నమ్ముకోవడంలో ఒక అన్యాయముంది, దాని దెబ్బ మనకు బాగానే తగిలింది. 2012 తొలి మూడు నెలల్లో స్పామ్ అత్యధికంగా బయల్దేరే దేశంగా సోఫోస్ సంస్థ లెక్కల్లో ఇండియా అమెరికాను దాటి మొదటి స్థానానికొచ్చింది. మనవాళ్లు కూర్చుని రాసిన స్పామ్ కాదది. కొత్తగా ఇంటర్నెట్ వచ్చిన ఇళ్లు, అప్‌డేట్లు లేని విండోస్, వైరస్ పట్టి ఎవడో దూరాన్నుంచి ఆడించే కంప్యూటర్లు. హాంకాంగ్ కంపెనీ ఔట్‌బ్లేజ్‌లో స్పామ్ కట్టడి చూసిన సురేశ్ రామసుబ్రమణియన్ 2005లోనే ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ ఓఈసీడీకి రాసిన నివేదికలో, వర్ధమాన దేశాలకు స్పామ్ బెడద ధనిక దేశాల కంటే బరువైనదని చెప్పారు. అసలే చాలీచాలని బ్యాండ్‌విడ్త్‌ను స్పామ్ తినేస్తుంది. దాని మీద అక్కడి నెట్‌వర్క్‌లను బయటివాళ్లు మూకుమ్మడిగా అడ్డుకుంటే మంచివాళ్ల మెయిలూ ఆగుతుంది. ఇవాళ్టికీ అంతే. చాలా ఇంటర్నెట్ కంపెనీలు ఎన్నో ఇళ్లను ఒకే బయటి చిరునామా వెనక కూర్చోబెడతాయి. పై అంతస్తులో ఎవరి కంప్యూటర్‌కో వైరస్ పడితే, ఆ మచ్చ ఆ చిరునామా వెనకున్న అందరికీ అంటుతుంది. జీమెయిల్ తెరిచి రాసుకునేవాళ్లకు తేడా తెలియదు, వాళ్ల ఉత్తరం వెళ్లేది గూగుల్ చిరునామా నుంచి కదా.

చిరునామా కాదు, పేరు చూడాలన్న ఆలోచన అక్కణ్నించే బలపడింది. అయితే మెయిల్‌లో పంపినవారి పేరు అనేది ఎవడైనా ఏదైనా రాసుకునే గడి. అందుకని ఎస్‌పీఎఫ్ వచ్చింది: మా పేరుతో మెయిల్ పంపడానికి ఫలానా యంత్రాలకే హక్కుందని కంపెనీ తన డీఎన్ఎస్‌లో రాసిపెడుతుంది. యాహూ, సిస్కో ఎవరికివారు తయారుచేసుకున్న పద్ధతులు కలిసి 2007లో డీకిమ్ అయ్యాయి. అది ఉత్తరానికి గణితంతో వేసిన సంతకం. ఈ రెండింటిలో ఏదీ సరిపోలకపోతే ఏం చేయాలో చెప్పేది 2012లో వచ్చిన డీమార్క్. ఇక్కడ ఒక నవ్వొచ్చే సంగతి. ఎస్‌పీఎఫ్ రాగానే ఎగబడి పెట్టుకున్నవాళ్లలో స్పామర్లూ ఉన్నారు. దొంగ తన అసలు పేరే చెబుతున్నాడని తేలింది, అంతే. పేరు నిజమైతే చాలదు, ఆ పేరుకు పరపతి కూడా ఉండాలి.

ఆ పరపతిని ఎవరు లెక్కగట్టాలి? 2006లో గూగుల్ ఇంజినీరు బ్రాడ్లీ టేలర్ ప్రచురించిన పత్రంలో జీమెయిల్ పద్ధతి ఉంది. ఒక డొమైన్ నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎన్నింటిని పాఠకులు స్పామ్ అని నొక్కారు, ఎన్నింటిని స్పామ్ కాదని వెనక్కి తెచ్చుకున్నారు, యంత్రం తనంతట తాను ఎన్నింటిని ఏ పక్కకు వేసింది, వీటన్నిటి మీదా మంచి శాతం కడతారు. బాగా పైనున్నవాడికి తలుపు బార్లా తెరుస్తారు, బాగా కిందున్నవాణ్ని గెంటేస్తారు, మధ్యవాళ్ల ఉత్తరాలే చదివి చూస్తారు. స్పామర్లు వేల ఖాతాలు తెరిచి తమ ఉత్తరాలకు తామే ‘స్పామ్ కాదు’ ఓట్లు వేసుకున్నారు. దీనికి విరుగుడు ఆలోచించినవాళ్లలో మన దేశంలో పుట్టిన విపుల్ వేద్ ప్రకాశ్ ఒకడు. 1998లో విపుల్స్ రేజర్ రాసి, 2001లో క్లౌడ్‌మార్క్ పెట్టినవాడు. ఫిర్యాదు చేసేవాడికీ పరపతి లెక్కగట్టడం అతని పద్ధతి. నమ్మకస్తుల మాటతో ఎన్నిసార్లు ఏకీభవిస్తే నీ ఓటుకు అంత బరువు. నా దృష్టిలో ఈ యంత్రం మొత్తంలో అన్నిటికంటే తెలివైన మర ఇదే.

ఇన్ని మరలు బిగించుకున్న ఈ యంత్రం ముందు ఇప్పుడు ఒక చిన్న కంపెనీ పరిస్థితి చూడండి. ప్రగతి నగర్‌లోనే ఇద్దరు స్నేహితులు ఒక గదిలో స్టార్టప్ పెట్టి, కొత్త డొమైన్ కొని, మొదటి రోజే ఐదువేల మందికి పరిచయ ఉత్తరం పంపారనుకుందాం. వాళ్ల పేరుకు చెడ్డ చరిత్ర లేదు, అసలు చరిత్రే లేదు. యంత్రానికి ఈ రెంటికీ తేడా తక్కువ, ఎందుకంటే స్పామర్ కూడా రోజుకో కొత్త డొమైన్ కొంటాడు. మెయిళ్లన్నీ స్పామ్‌లో పడతాయి. హైటెక్ సిటీలో మెయిల్ క్యాంపెయిన్ల పనిచేసేవాళ్లు దీనికోసమే ‘వార్మప్’ చేస్తారు: మొదటి రోజు కొన్ని పదులు, తర్వాత వందలు, వారాల తరబడి మెల్లగా పెంచుకుంటూ పోతారు. పెద్ద కంపెనీకి దీనికి ప్రత్యేక బృందముంటుంది. చిన్నవాడికి ఉండదు, గోడు చెప్పుకోవడానికి మనిషి కూడా దొరకడు. స్పామ్‌హౌస్‌కు తొలగింపు దరఖాస్తు పెట్టుకోవచ్చు. పెద్ద మెయిల్ కంపెనీల లోపలి మార్కుల గురించి నోరు విప్పి వివరం చెప్పేవాడు ఉండడు. దొంగల్ని ఆపడంలో ఈ యంత్రానికి నేను మార్కులు దండిగా వేస్తాను, సంజాయిషీ చెప్పడంలో మాత్రం సున్నా.

ఎస్సెమ్మెస్‌ల విషయంలో మన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వేరే దారి పట్టింది. 2018 నిబంధనల ప్రకారం వ్యాపార సంస్థ తన పేరూ, పంపబోయే మాటల మూసా ముందే నమోదు చేయించుకోవాలి. మెయిల్ ప్రపంచానికంతటికీ అలా ముందస్తు నమోదు చేసే కార్యాలయమంటూ ఒకటి లేదు. ఎవడైనా రావచ్చు, వచ్చాకే లెక్క మొదలవుతుంది.

ఆ లెక్క 2024 ఫిబ్రవరి నుంచి ఇంకా బిగిసింది. జీమెయిల్‌కు రోజుకు 5,000కు పైగా పంపేవాళ్లకు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ తప్పనిసరి. ప్రచార ఉత్తరాలైతే ఒక్క నొక్కుతో జాబితా నుంచి తప్పుకునే ఏర్పాటు ఉండాలి. స్పామ్ ఫిర్యాదులు 0.1 శాతం లోపు ఉంచుకోవాలి, 0.3 శాతానికి చేరకూడదు. యాహూ కూడా ఇంచుమించు ఇవే షరతులు పెట్టింది. వెయ్యి మందిలో ముగ్గురు స్పామ్ అని నొక్కితే చాలు, పంపినవాడి పరపతి కిందికి జారుతుంది.

ఆ ముగ్గురిలో మీరూ ఉండవచ్చు. ఒకప్పుడు మీరే ఇష్టపడి చేరిన జాబితా ఇప్పుడు విసుగు పుట్టిస్తుంటే స్పామ్ నొక్కకండి, అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కండి. స్పామ్ మీటను అసలు మోసగాళ్ల కోసం ఉంచండి. వారానికోసారి స్పామ్ ఫోల్డర్ తెరిచి, అందులో పడ్డ అసలు ఉత్తరం కనిపిస్తే ‘స్పామ్ కాదు’ అని నొక్కండి. అది ఇంటర్వ్యూ పిలుపైనా కావచ్చు.