కోరంగిని ముంచిన మూడు కెరటాలు

'సైక్లోన్' అనే మాట ఈవేళ ప్రపంచమంతా వాడుకలో వున్నది. అది లండనులో పుట్టిన మాట కాదు, కలకత్తాలో పుట్టింది. దాని పుట్టుకలో మన కోరంగికి కూడా కొంత పాలు వున్నదని చెబితే మా ఇంట్లో పిల్లలు నవ్వారు. కాకినాడనుంచి యానాం వెళ్లే దారిలో బస్సు కిటికీలోంచి కనిపించి పోయే ఆ చిన్న ఊరికీ, ఇంగ్లీషు నిఘంటువుకూ సంబంధమేమిటని వాళ్ల సందేహం. ఆ సందేహం తీర్చడానికి నేను చెప్పిన కథే ఇది.

తెరచాప ఓడల కాలంలో కోరంగి సామాన్యమైన ఊరు కాదు. గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట, అలల పోటు తగలని మరుగులో వున్న రేవు అది. ఓడలు కట్టేవారు, పాత ఓడలు బాగుచేసేవారు ఇక్కడా, పక్కనే వున్న తాళ్లరేవులోనూ వుండేవారు. మనవాళ్లు రంగూనుకు ఓడ ఎక్కింది కూడా ఈ రేవులోనే. అందుకే బర్మాలో తెలుగువాళ్లందరికీ 'కోరంగీలు' అనే పేరు స్థిరపడిపోయింది. విజయనగరంవాడైనా విశాఖపట్నంవాడైనా అక్కడ కోరంగీయే!

అటువంటి రేవుమీదికి 1789 డిసెంబరులో పెద్ద తుఫాను వచ్చింది. ఊరివాళ్లు చూస్తూవుండగానే సముద్రం మీదినుంచి మూడు మహా కెరటాలు, కొద్దిపాటి ఎడంతో, ఒకదాని వెనుక ఒకటి లేచి వచ్చాయట. మొదటి కెరటం ఊళ్లోకి కొన్ని అడుగుల నీరు తెచ్చింది. రెండవది చుట్టుపట్ల పల్లపు భూములన్నిటినీ ముంచేసింది. మూడవది వచ్చేసరికి ముంచడానికి మిగిలిందేమీ లేదు. ఇరవై వేలమంది పోయారని ఆనాటి కథనం. నదీముఖంలో లంగరు వేసి వున్న ఓడలు కొట్టుకుపోయి యానాం చుట్టూ వున్న పొలాల్లో పడ్డాయి. నీరు తీసిన తరువాత ఇసుక, బురద మేటలు వేసి, శవాలను వెదకడానికి కూడా వీలు లేకపోయింది.

ఓడ పొలంలో పడివుండటం అనే మాట దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. సముద్రం మీద మునిగిన ఓడ గురించి విన్నాం. రేవుకు చేరి, లంగరు వేసుకుని, 'హమ్మయ్య' అనుకున్న ఓడ గతి ఇలా కావడం మరీ ఘోరం కదా!

రేవు లేని తీరం

ఆ రోజుల్లో కోరమాండల్ తీరానికి కార్తీక మార్గశిరాలంటే భయం. మద్రాసుకు అప్పటికి కట్టుదిట్టమైన రేవు లేదు. ఓడలు బయట సముద్రంలోనే లంగరు వేసుకుని, సరుకును మసూలా పడవల మీద ఒడ్డుకు చేర్చేవి. తుఫాను గాలి సముద్రం వైపునుంచి కొడితే ఓడను ఒడ్డుకేసి తరుముతుంది. ఆవిరి యంత్రం లేని ఓడ గాలికి ఎదురుగా సూటిగా పోలేదు కదా! లంగరు తాడు తెగిందా, ఇక ఒడ్డున పడి బద్దలు కావలసిందే. అందుచేత గాలి తీరు మారుతున్నదనగానే లంగరు ఎత్తి నడిసముద్రంలోకి పారిపోవడమే క్షేమమని నావికులు నేర్చుకున్నారు. 1746 సెప్టెంబరులో మద్రాసును పట్టుకున్న ఫ్రెంచి సేనాని లా బూర్దనే, ఆ గెలుపు సంబరం తీరకుండానే, అక్టోబరు తుఫానులో తన ఓడలను పోగొట్టుకున్నాడు. ఇంగ్లీషువారు చెయ్యలేనిపని గాలివాన ఒక్క రాత్రిలో చేసింది.

నడిసముద్రంలోకి పోయినా గండం గడిచినట్లు కాదు. తుఫాను నడుమ గాలి లేని చోటు వుంటుంది. ఓడ అక్కడికి చేరగానే హోరు ఆగిపోతుంది. గండం గడిచిందని కళాసులు దండం పెట్టుకుంటారు. అంతలో గాలి అవతలి దిక్కునుంచి ఒక్కసారిగా విరుచుకు పడుతుంది. తెరచాపలు వెనక్కు తిరగబడి, స్తంభాలు విరిగి, ఓడ ఒరిగిపోతుంది.

ఓడ దిగి కలం పట్టిన మనిషి

1839 నవంబరులో కోరంగి మీదికి మరో పెను తుఫాను వచ్చింది. ఆ సమయానికి కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన వున్నాడు. ఇంగ్లండులో 1797లో పుట్టి, ఓడ కెప్టెనుగా పనిచేసి, సముద్రం మాని బెంగాలులో స్థిరపడ్డ మనిషి. తుఫాను గాలి సూటిగా వీచదు, సుడి తిరుగుతుందని విలియం రీడ్ అనే సైనికాధికారి 1838లో వ్రాసిన పుస్తకం ఆయన చేతికి వచ్చింది. అది ఆయన జీవితాన్నే మార్చేసింది.

తుఫానులో చిక్కి బయటపడ్డ ఓడల దినచర్య పుస్తకాలను పిడింగ్టన్ సంపాదించేవాడు. ఫలానా గంటకు ఫలానా ఓడ ఎక్కడ వున్నది, గాలి ఏ దిక్కునుంచి కొట్టింది అన్నది పటం మీద గుర్తు పెట్టేవాడు. ఒక్క ఓడ లెక్క చూస్తే ఏమీ తెలియదు. పది ఓడల లెక్కలు ఒకే పటం మీద పెట్టేసరికి గాలి చక్రంలా తిరగడం కళ్లకు కట్టినట్లు కనిపించేది. 1839నాటి కోరంగి తుఫాను కూడా ఆ విధంగానే ఆయన పరిశోధనలకు ఎక్కింది.

ఆయన చేతికి చిక్కిన ఓడలన్నిటిలో చార్లెస్ హెడిల్ అనే ఓడ కథ చిత్రమైనది. 1845 ఫిబ్రవరిలో మారిషస్ దగ్గర అది తుఫానులో పడింది. గాలి ఎటు తోస్తే అటు పోతే ఎప్పటికో బయటపడతాం గదా అని కెప్టెను ఓడను వదిలేశాడు. అయిదు రోజులపాటు ఓడ పరుగెత్తింది. తీరా లెక్క చూస్తే అది గానుగెద్దులా తుఫాను చుట్టూ అయిదుసార్లు తిరిగింది!

ఇక సందేహమెక్కడిది? పిడింగ్టన్ 1848లో నావికుల కోసం ఒక పుస్తకం అచ్చు వేశాడు. చుట్ట చుట్టుకున్న పామును చెప్పే గ్రీకు మాటనుంచి 'సైక్లోన్' అనే పేరును అందులోనే కల్పించాడు. పుస్తకంతోపాటు కొమ్ముతో చేసిన పల్చని బిళ్లలు ఇచ్చాడు. వాటిమీద గాలి తిరిగే తీరు గీసి వుంటుంది. పటం మీద పెడితే కిందిది కనిపిస్తుంది. తుఫాను నడుమ ఎక్కడున్నదో కెప్టెను చూసుకుని తప్పుకోవచ్చు. బిళ్ల లేకపోయినా మన సముద్రంలో ఒక సులువు వున్నది. గాలికి ఎదురుగా నిలబడితే తుఫాను నడిమి భాగం కుడిచేతి వైపున వుంటుంది. ఈ ఒక్క ముక్క తెలియక ఎందరు తల్లులకు కొడుకులు దక్కకుండా పోయారో!

విననివారికి

పిడింగ్టన్ ఓడలను మాత్రమే తలచుకుని వూరుకోలేదు. కోరంగిని ముంచింది గాలి కాదు, గాలి తరిమిన నీరు అని ఆయన గ్రహించాడు. దానికి మనకు 'ఉప్పెన' అనే మాట ఏనాటినుంచో వున్నది. బంగాళాఖాతం పైకి పోయేకొద్దీ ఇరుకవుతుంది, తీరం దగ్గర లోతు తక్కువ. తుఫాను తోసిన నీటికి పక్కకు పోయే దారిలేక ఊళ్లమీదికి లేస్తుంది.

కలకత్తాకు దక్షిణంగా మాట్లా నది ఒడ్డున ప్రభుత్వం కొత్త రేవు కట్టబోతున్నదని తెలిసి, 1853లో ఆయన గవర్నరు జనరలు డల్‌హౌసీకి బహిరంగ లేఖ వ్రాశాడు. ఆ చోట రేవు కడితే ఏదో ఒకనాడు ఉప్పెన పాలవుతుందని హెచ్చరించాడు. ఎవరూ వినలేదు. 1858లో ఆయన కన్నుమూశాడు. రేవు కట్టి, క్యానింగు ప్రభువు పేరు పెట్టారు. 1867లో తుఫాను వచ్చి దాన్ని పాడుచేసింది. కొన్నేళ్లకు రేవును వదిలేసుకున్నారు.

ఈలోగా 1864లో ఒక్క నెల తేడాలో రెండు దెబ్బలు తగిలాయి. అక్టోబరు 5న కలకత్తాలో హుగ్లీ నది మీది ఓడలు లంగర్లు తెంచుకుని ఒకదాన్నొకటి గుద్దుకుని ఒడ్డున పడ్డాయి. నవంబరు 1 రాత్రి మచిలీపట్నం మీదికి ఉప్పెన వచ్చి సుమారు ముప్పై వేలమందిని పొట్టనపెట్టుకున్నది. అప్పటికి గాని రేవుల్లో తుఫాను హెచ్చరికల ఏర్పాటు మొదలు కాలేదు. దేశానికంతటికీ వాతావరణ శాఖ 1875లో ఏర్పడింది.

ఈనాటికీ లెక్క ఒక్కటే. ముందుగా చెప్పినవాడుండాలి, విన్నవాడుండాలి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో పదివేలమంది పోయారు. 1990 మేలో అదే కృష్ణా తీరానికి అంత భీకరమైన తుఫానే వచ్చింది. లక్షలమందిని ముందుగానే ఊళ్లు ఖాళీ చేయించడంవల్ల పోయినవారు వెయ్యిమందికి లోపే. గాలి బలం తగ్గలేదు, సముద్రం మంచిదైపోలేదు. మాట చెవిని పడింది, అంతే తేడా.

కోరంగి రేవు పూడిపోయింది, వర్తకం కాకినాడకు పోయింది. ఇప్పుడక్కడ మడ అడవులున్నాయి. వాటి వేళ్లు బురదను పట్టుకుని, వచ్చే కెరటం జోరును కాస్త విరుస్తాయి. ఆ ఇరవై వేలమంది పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. కాని రేడియోలో తుఫాను హెచ్చరిక వినిపించినప్పుడల్లా, ఇంటి పెద్ద గొడ్లను విప్పి పిల్లలను మెరకకు తోలుకుపోయినప్పుడల్లా, వాళ్లు పోయినందుకు మనం నేర్చుకున్నది మనకు అక్కరకు వస్తూనే వున్నది.