గుల్ల పొట్టలో దాగే వైరస్

నర్సీపట్నానికి ఉత్తరాన, గొలుగొండ వైపు కొండల్లో పుట్టే వరాహ నది అనకాపల్లి జిల్లా తీరాన బంగాళాఖాతంలో కలుస్తుంది. దారిలో ఏ ఊరి మురుగు అందులో పడినా చివరికి చేరేది సముద్రానికే. ఏరు సముద్రంలో కలిసే ఉప్పునీటి మడుగులే గుల్లలకూ ఆలుచిప్పలకూ ఇష్టమైన చోట్లు. అందుకే గుల్లల మంచిచెడ్డలు తీరానికి దూరంగా ఉన్న ఊళ్లకూ సంబంధించినవే.

గుల్ల తిండి కోసం తిరగదు. నీటిని లోపలికి పీల్చి, మొప్పలతో నాచును వడకట్టుకుంటుంది. మనిషి మలం నుంచి నీటిలో చేరిన, వాంతులు విరేచనాలు తెచ్చే నోరోవైరస్, కామెర్లు తెచ్చే హెపటైటిస్-ఎ వైరస్ కూడా నాచుతోపాటు లోపలికి పోతాయి. నోరోవైరస్‌కు మన పేగుల్లో పట్టు దొరికే చక్కెర అణువుల్లాంటివే ఆలుచిప్ప జీర్ణగ్రంథిలోనూ ఉంటాయి. వాటికి అంటుకుని అది వారాల తరబడి ఉండిపోతుంది.

ఈ-కొలి లాంటి బాక్టీరియా అలా కాదు. గుల్లను శుభ్రమైన నీటిలో ఒకటి రెండు రోజులుంచితే అది చాలావరకు బయటికి పోతుంది. కాబట్టి ఈ-కొలి పరీక్షలో నెగ్గిన గుల్లలోనూ వైరస్ ఉండవచ్చు. 1988లో షాంఘైలో మురుగు కలిసిన తీరం నుంచి వచ్చిన గుల్లలను సరిగా ఉడికించకుండా తిని, దాదాపు 3 లక్షల మంది హెపటైటిస్-ఎ బారిన పడ్డారు. ఈ జబ్బు బయటపడడానికి సగటున నాలుగు వారాలు పడుతుంది. అప్పటికి తిన్న గుల్లను పరీక్షిద్దామన్నా మిగలదు. ముందే పట్టుకోవాలి.

పట్టుకోవడం తేలిక కాదు. 1972లో శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ కపికియన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూపిన నోరోవైరస్‌ను, ప్రయోగశాలలో మనిషి పేగు కణాలపై పెంచగలిగినట్టు ప్రకటించింది 2016లో. అందుకే శాస్త్రజ్ఞులు వైరస్‌ను పెంచరు, దాని జన్యుపదార్థమైన ఆర్ఎన్ఏను వెతుకుతారు. అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 15216 పద్ధతిలో మాంసమంతా కాకుండా జీర్ణగ్రంథిని మాత్రమే వేరుచేసి, 2 గ్రాములు తీసుకుంటారు. దాన్ని సన్నగా తరిగి, ప్రోటినేజ్-కె ఎంజైముతో 37 డిగ్రీల వద్ద గంటసేపు, తర్వాత 60 డిగ్రీల వద్ద 15 నిమిషాలు ఉంచుతారు. తేరిన ద్రవం నుంచి ఆర్ఎన్ఏ తీసి, కరోనా పరీక్షలో లాగే ఆర్‌టీ-పీసీఆర్ చేస్తారు.

గ్రంథిలోని పిండిపదార్థాలు పీసీఆర్‌ను అడ్డుకుంటాయి. అప్పుడు వైరస్ ఉన్నా లేదనే ఫలితం రావచ్చు. అందుకే బలహీనపరిచిన మెంగో వైరస్‌ను తెలిసిన మోతాదులో మొదట్లోనే కలుపుతారు. చివర్లో అది తగినంత దొరక్కపోతే, 'లేదు' అన్న ఫలితాన్ని నమ్మరు. ఇంకో పరిమితి కూడా ఉంది: దొరికిన ఆర్ఎన్ఏ బతికున్న వైరస్‌దో, చచ్చినదాందో పీసీఆర్ చెప్పలేదు.

ఇలాంటి పరీక్షల గురించి అడగడానికి దూరం పోనక్కర్లేదు: కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థకు విశాఖపట్నంలో పరిశోధన కేంద్రం ఉంది. ఎగుమతి సరుకుకు చూపే శ్రద్ధ మన సంతల్లో అమ్మే గుల్లలకూ దక్కాలి. నదీముఖాల్లో ఏడాది పొడవునా వైరస్ పరీక్షలు జరగాలి.

వంటింట్లో చేయగలిగింది కూడా ఉంది. చిప్ప తెరుచుకుంటే ఉడికినట్టు కాదు. మాంసం లోపలిదాకా 85 నుంచి 90 డిగ్రీల వేడి 90 సెకన్లు తగలాలని అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ చెబుతోంది. కూర బాగా తెర్లనివ్వాలి. అన్నిటికన్నా ముందు, సెప్టిక్ ట్యాంకుల మలాన్ని గెడ్డల్లో వదలడం ఆగాలి. పరీక్ష వైరస్‌ను చూపించగలదు గానీ, నీటిలోకి రాకుండా ఆపాల్సింది ఎగువనున్న మనమే.