గుండె ఆగినపుడు మొదటి అయిదు నిమిషములు

సూర్యాపేట, కోదాడ పట్టణములు హైదరాబాదు–విజయవాడ రహదారిపై నున్నవి. మిర్యాలగూడ మీదుగా నార్కట్‌పల్లి–అద్దంకి రహదారి పోవుచున్నది. మూడు చోట్లను ప్రభుత్వాసుపత్రులు కలవు. సూర్యాపేటలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలయు ప్రారంభమైనది. పిలిచినచో 108 వాహనము వచ్చును. ఇన్ని యున్నను, గుండె ఆగిన మనిషికి ఇవి ఆలస్యముగనే అందును. రక్తప్రసారము నిలిచిన నాలుగైదు నిమిషములకే మెదడు చెడుట ఆరంభించును. పొలము గట్టునకు వాహనము చేరుటకు అంతకంటె ఎక్కువ కాలము పట్టును. ఆ నడిమి కాలమున ప్రాణము నిలుపవలసినవారు దగ్గరనున్నవారే. వారిలో ముందుగా చెప్పదగినవారు మన ఉపకేంద్రపు ఆరోగ్య కార్యకర్తయు, ఆశా కార్యకర్తయు.

వారికి తెలిసియుండవలసినది స్వల్పమే. పడిన మనిషిని భుజము తట్టి పిలువవలెను. పలుకక, ఊపిరి సరిగా తీయకున్నచో ఒకరిచేత 108కు ఫోను చేయించి, రొమ్ము నడుమ రెండు చేతులు ఒకదానిపై నొకటి యుంచి, నిమిషమునకు 100 నుండి 120 మార్లు, రెండు అంగుళములు దిగునట్లు నొక్కవలెను. ప్రతిసారియు రొమ్మును పూర్తిగా పైకి లేవనీయవలెను. 30 నొక్కులకు పిమ్మట నోటితో రెండు మార్లు ఊపిరి ఊదవలెను. 1960లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు రొమ్ము నొక్కు పద్ధతిని లోకమునకు తెలిపిరి. దీనికి పరికరము లక్కరలేదు.

పొరపాటు జరుగు చోటు వేరొకటి కలదు. గుండె ఆగిన మనిషి కొంతసేపు నోరు తెరచి ఎగశ్వాస తీయవచ్చును. అది చూచి ‘ఊపిరి యున్నది గదా’ యని ఊరకుందురు. అది ఊపిరి కాదు, వెంటనే నొక్కవలెను.

మన ప్రాంతపు ఆపదలకు కొన్ని భేదములు కలవు. సాగరు ఎడమ కాలువలో మునిగిన వానికి ముందుగా ఊపిరి ఊదవలెను. పొట్ట నొక్కి నీరు కక్కించుట, కాళ్ళు పట్టి త్రిప్పుట కూడదు. మోటారు వద్ద షాకు తగిలినచో మొదట కరెంటు ఆపవలెను. లేనిచో రక్షింపబోయినవాడును పడును. కట్లపాము కరచిన వానికి గుండె కొట్టుకొనుచుండగనే ఊపిరి నిలువవచ్చును. అట్టివానికి ఊపిరి అందించుచునే ఆసుపత్రికి చేర్చవలెను.

తెలంగాణ ప్రభుత్వము 2023లో ఈ శిక్షణను విస్తృతముగా ఆరంభించినది. అయితే ఈత ఒకమారు వచ్చిన మరపునకు రాదు. ఇది అట్టిది కాదు. అభ్యాసము లేనిచో కొలది నెలలకే నేర్పు సడలును. అంకెలన్నియు తప్పులేక అప్పజెప్పినవారు సైతము బొమ్మపై తగినంత లోతుగా నొక్కలేకపోవుట కలదు. దీనికి కార్యకర్తలను నిందింపరాదు. ఇట్టి అవసరము వారికి ఏండ్ల తరబడి తటస్థింపకపోవచ్చును.

కనుక పంచాయతీ సభ్యులు గ్రామ ఆరోగ్య సంఘ సమావేశమున, శిక్షణ పొంది ఎన్ని నెలలైనదని మర్యాదగా అడుగవలెను. ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యాధికారిని కోరి, అభ్యాసపు బొమ్మను ఆరు నెలలకొకమారు గ్రామమునకు తెప్పింపవలెను. ఆనాడు లైన్‌మన్‌ను, ట్రాక్టరు డ్రైవర్లను, రైసుమిల్లు కూలీలను గూడ పిలుచుట మేలు. పోలీసు కేసునకు వెరచి రోడ్డు ప్రమాదములలో దూరముగా నిలుచువారికి ఒక మాట చెప్పవలసియున్నది: 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము ప్రకారము, సద్బుద్ధితో సాయపడిన వానిపై కేసు ఉండదు, ఇష్టము లేనిచో తన పేరు చెప్పనక్కరయు లేదు.