వరద తీసిన తర్వాత బ్యాండు
కత్రీనా ముంచేసిన న్యూ ఆర్లియన్స్‌లో స్కూలు బ్యాండ్లు ఆరు నెలల్లోనే మళ్లీ వీధికెక్కాయి. కానీ వాటిని నిలబెట్టిన భారం ఎక్కువగా బ్యాండు మాస్టార్ల మీదే పడింది.

2006 ఫిబ్రవరి. న్యూ ఆర్లియన్స్‌లో మార్డిగ్రా ఊరేగింపుల కాలం. కత్రీనా హరికేన్ వచ్చి వెళ్లి ఆరు నెలలైంది. చాలా పేటల్లో కరెంటు లేదు. గోడల మీద వరద నీటి చారలు చెరిగిపోలేదు. నగర జనాభాలో సగానికి పైగా హ్యూస్టన్, అట్లాంటా, బేటన్ రూజ్ లాంటి చోట్ల తలదాచుకుంటున్నారు. శవాల వెతుకులాట పూర్తికాని ఊళ్లో సంబరాలేమిటని కొందరు, ఇప్పుడు మానేస్తే ఇక ఊరే లేనట్టని మరికొందరు వాదించుకున్నారు. చివరకు ఊరేగింపుల రోజులను ఎనిమిదికి కుదించి పండుగ జరిపారు.

ఆ ఊరేగింపుల్లో అంతకుముందు ఎవరూ వినని పేరుతో ఒక బ్యాండు నడిచింది. దాని పేరు మ్యాక్స్. అందులోని మూడు అక్షరాలు మూడు నల్లజాతి క్యాథలిక్ పాఠశాలలవి. సెయింట్ మేరీస్ అకాడమీ, జేవియర్ ప్రెప్ ఆడపిల్లల బడులు. సెయింట్ ఆగస్టీన్ మగపిల్లల బడి. సెయింట్ మేరీస్, సెయింట్ ఆగస్టీన్ ప్రాంగణాలు వరదపాలయ్యాయి. దాంతో 2006 జనవరిలో మూడు బడుల పిల్లలనూ జేవియర్ ప్రెప్ ప్రాంగణంలో చేర్చి ఒకే పాఠశాలగా నడిపారు. ఏటా ఊరేగింపుల్లో నువ్వా నేనా అని పోటీపడే బడుల పిల్లలు ఈసారి ఒకే వరుసలో నిలబడ్డారు. ఎవరి బ్యాండుకు వారు విడిగా సరిపోయేంత మంది లేరు. ముగ్గురూ కలిస్తేనే ఒక బ్యాండు తయారైంది.

మన దగ్గర బ్యాండు మేళం అనగానే పెళ్లి ఊరేగింపు గుర్తొస్తుంది. న్యూ ఆర్లియన్స్‌లో బ్యాండు అంటే బడి. ఎండాకాలంలో సాధన, ఆ తర్వాత ఫుట్‌బాల్ మ్యాచ్‌లు, ఏడాది మొదట్లో మార్డిగ్రా. లెంట్ దినాలకు ముందు వారాల తరబడి సాగే ఈ పండుగలో పిల్లలు బరువైన వాద్యాలు మోస్తూ, వాయిస్తూ మైళ్ల కొద్దీ నడుస్తారు. ఊరేగింపులు నిర్వహించే సంఘాలు ఇందుకు పాఠశాలలకు డబ్బు చెల్లిస్తాయి. బాగా వాయించే వారికి కాలేజీ బ్యాండ్లలో చోటు, దాంతోపాటే స్కాలర్‌షిప్ దొరుకుతాయి. పేద కుటుంబాల పిల్లలకు చదువు దారుల్లో ఇదొకటి.

ఈ దారి పాతదే. 1912 డిసెంబర్ 31 రాత్రి వీధిలో తుపాకీ పేల్చిన నేరానికి పట్టుబడ్డ ఒక నల్లజాతి కుర్రాణ్ని పిల్లల సంస్కరణాలయానికి పంపారు. అక్కడి బ్యాండు మాస్టారు పీటర్ డేవిస్ అతని చేతికి కార్నెట్ ఇచ్చాడు. ఆ కుర్రాడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. జాజ్ సంగీతాన్ని ప్రపంచమంతా వినిపించిన మనిషి.

బ్యాండుకు రాజకీయ చరిత్ర కూడా ఉంది. మార్డిగ్రాలో ప్రతిష్ఠాత్మకమైన రెక్స్ ఊరేగింపులో 1967 వరకూ నల్లజాతి పాఠశాల బ్యాండుకు చోటు లేదు. ఆ ఏడాది ఎడ్విన్ హాంప్టన్ నాయకత్వంలో సెయింట్ ఆగస్టీన్ 'మార్చింగ్ 100' అందులో తొలిసారి నడిచింది. దారి పొడవునా తిట్లు, విసుర్లు భరిస్తూనే పిల్లలు వరుస చెదరకుండా వాయించారు. దాదాపు నాలుగు దశాబ్దాల తర్వాత వరద మింగింది ఇలాంటి చరిత్ర ఉన్న బ్యాండ్ల వాద్యాలను, యూనిఫాంలను.

కట్టలు తెగాక

2005 ఆగస్టు 29న కత్రీనా తీరం దాటింది. అయితే నగరాన్ని ముంచింది గాలివాన ఒక్కటే కాదు. అమెరికా సైనిక ఇంజనీర్ల విభాగం కట్టిన కరకట్టలు, వరద గోడలు పలుచోట్ల తెగిపోయాయి. నగరంలో 80 శాతం మునిగింది. నిర్మాణంలో లోపాలున్నాయని ఆ విభాగమే 2006లో ఒప్పుకుంది. మృతుల సంఖ్య 1,800కు పైనేనని చాలాకాలం లెక్కగట్టారు. అమెరికా హరికేన్ కేంద్రం 2023లో దాన్ని 1,392గా సవరించింది.

నీళ్లు తీశాక బడుల మీద రెండో దెబ్బ పడింది. 2005 నవంబర్‌లో లూసియానా ప్రభుత్వం కొత్త చట్టం చేసి, నగరంలో వందకు పైగా ప్రభుత్వ పాఠశాలలను స్థానిక బోర్డు చేతుల్లోంచి తీసుకుంది. సుమారు 7,500 మంది ఉద్యోగులు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. వీరిలో నాలుగు వేల మందికి పైగా ఉపాధ్యాయులు. క్రమంగా బడులన్నీ చార్టర్ పాఠశాలలయ్యాయి. అంటే డబ్బు ప్రభుత్వానిది, నిర్వహణ ప్రైవేటు సంస్థలది. పరీక్షల్లో మార్కులు రాకపోతే ఒప్పందం రద్దవుతుంది. ఇలాంటి లెక్కలో చదువు, గణితం ముందుకొస్తాయి. డ్రమ్ములు, ట్రాంబోన్లు చివరికి పోతాయి.

పోయింది వాద్యాలు మాత్రమే అయితే కొని ఇవ్వొచ్చు. టిపిటీనాస్ ఫౌండేషన్ లాంటి సంస్థలు ఆ పని చేశాయి కూడా. కానీ తొమ్మిది, పదేళ్ల వయసులో పిల్లవాడికి బాకా ఊదడం నేర్పి, హైస్కూలు బ్యాండుకు తయారుచేసి పంపే మిడిల్ స్కూలు మాస్టారు ఊరు విడిచిపోతే ఆ ఖాళీని ఏ విరాళం పూడుస్తుంది?

మాస్టారు లేని ఊరేగింపు

ఆ ఖాళీని పూడ్చడానికి ముందుకొచ్చిన వారిలో డినెరల్ షేవర్స్ ఒకడు. హాట్ 8 బ్రాస్ బ్యాండులో స్నేర్ డ్రమ్ము వాయించేవాడు. 2006లో నగరం నడిబొడ్డున ఉన్న రబూయన్ హైస్కూల్లో చేరి, అక్కడ మార్చింగ్ బ్యాండును మొదలుపెట్టాడు. బ్యాండులో చేరిన పిల్లల్లో చాలామందికి అంతకుముందు వాద్యం పట్టిన అనుభవం లేదు. వరదకు ఊళ్లు పట్టిపోయి, తిరిగొచ్చి, కొత్త బడిలో కొత్త ముఖాల మధ్య కూర్చున్న పిల్లలు వారు. ఫిబ్రవరి ఊరేగింపులకల్లా వారిని సిద్ధం చేయాలన్నది షేవర్స్ లక్ష్యం.

2006 డిసెంబర్ 28న కుటుంబంతో కారులో వెళుతుండగా అతన్ని కాల్చి చంపారు. అప్పటికి అతని వయసు 25 ఏళ్లు. వారం తిరిగేసరికి హెలెన్ హిల్ అనే సినిమా దర్శకురాలు తన ఇంట్లోనే హత్యకు గురైంది. నగరం భగ్గుమంది. 2007 జనవరి 11న వేలాది మంది సిటీ హాలుకు ఊరేగింపుగా వెళ్లి, వరద నుంచి బతికొచ్చిన వారికి వీధిలో భద్రత ఏదని నిలదీశారు.

బడిలో మాత్రం పిల్లల ముందున్న ప్రశ్న వేరు. మాస్టారు లేకుండా వాయించాలా, ఆపేయాలా? వాళ్లు ఆపలేదు. రెండు నెలలు తిరగకుండానే 2007 మార్డిగ్రాలో రబూయన్ బ్యాండు వీధిలో నడిచింది. ఈ కథ 'ద హోల్ గ్రిటీ సిటీ' అనే డాక్యుమెంటరీలో నమోదైంది. నదికి అవతల, వరద తాకని ఆల్జియర్స్ పేటలోని ఓ. పెరీ వాకర్ హైస్కూల్ బ్యాండు కూడా అందులో కనిపిస్తుంది. దాని మాస్టారు విల్బర్ట్ రాలిన్స్ జూనియర్ వరదకు ముందు నైన్త్ వార్డులోని కార్వర్ హైస్కూల్లో పనిచేశాడు. ఆ బడి మునిగిపోయింది.

మొదటి మెట్టు నుంచి

హైస్కూలు బ్యాండ్లు ఇలా లేచి నిలబడినా, వాటికి పిల్లలను అందించే మిడిల్ స్కూలు బ్యాండ్లు దాదాపు కనుమరుగయ్యాయి. ఈ సంగతి పట్టుకున్నది రీబర్త్ బ్రాస్ బ్యాండు డ్రమ్మర్ డెరిక్ ట్యాబ్. చిన్నప్పుడు చెడుదారి పట్టబోతున్న తనను మిడిల్ స్కూలు బ్యాండు మాస్టారే నిలబెట్టాడని ట్యాబ్ పలుమార్లు చెప్పాడు. 2007లో ఆలిసన్ రైన్‌హార్ట్‌తో కలిసి అతను 'ద రూట్స్ ఆఫ్ మ్యూజిక్' స్థాపించాడు.

పద్ధతి సాదాసీదాగా ఉంటుంది. తొమ్మిది నుంచి 14 ఏళ్ల పిల్లలను బడి వదిలాక బస్సులో తీసుకొస్తారు. ముందు చదువు, తర్వాత సంగీతం, ఆపైన భోజనం, తిరిగి బస్సులో ఇంటికి. వాద్యంతో సహా అంతా ఉచితం. సాయంత్రపు ఆ గంటలే వీధి పిల్లవాణ్ని లాగేసుకునే గంటలన్నది ట్యాబ్ లెక్క. 2009లో సీఎన్ఎన్ ఎంపిక చేసిన పదిమంది హీరోల జాబితాలో అతనికి చోటు దక్కింది. 2013 కొత్త సంవత్సరం రోజున ఈ పిల్లల బ్యాండు కాలిఫోర్నియాలో ప్రసిద్ధమైన రోజ్ పరేడ్‌లో నడిచింది.

రెండు వైపులా లెక్కలు

బడుల సంస్కరణ పూర్తిగా విఫలమైందని అనలేం. పరీక్షల ఫలితాలు మెరుగయ్యాయని, హైస్కూలు పూర్తిచేసే వారి సంఖ్య పెరిగిందని తులేన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తేల్చారు. వరదకు ముందున్న బోర్డు అవినీతితో, అప్పులతో కుదేలైన మాటా నిజమే. కానీ మరో లెక్క కూడా ఉంది. 2005లో నగర ఉపాధ్యాయుల్లో నల్లజాతి వారు 71 శాతం. 2014 నాటికి 49 శాతం. బ్యాండు పాటలు, నడకలు, పేటల ఆచారాలు తెలిసిన తరంలో చాలామంది ఇలా బడికి దూరమయ్యారు. బడులు మూతపడటం, విలీనం కావడం మామూలైంది. షేవర్స్ బ్యాండు మొదలెట్టిన రబూయన్ ఇప్పుడు లేదు. వాకర్ 2013లో ల్యాండ్రీ హైస్కూల్లో కలిసిపోయింది. జేవియర్ ప్రెప్ ఆ పేరుతో అదే ఏడాది ఆగిపోయింది. ఎన్నో ఏళ్ల తర్వాత 2024లో గానీ పాఠశాల బోర్డు మళ్లీ నేరుగా నడిపే బడి తెరవలేదు.

విపత్తు తర్వాత ప్రభుత్వాలు కట్టలు, రోడ్లు, ఇళ్లు లెక్కపెడతాయి. అవి అవసరమే. సుమారు 1,450 కోట్ల డాలర్లతో కొత్తగా కట్టిన రక్షణ వ్యవస్థ 2021లో ఐడా హరికేన్‌ను తట్టుకుంది. కత్రీనా వచ్చిన ఆగస్టు 29నే, సరిగ్గా 16 ఏళ్లకు ఐడా విరుచుకుపడింది. నగరమంతా చీకటైంది గానీ కట్టలు తెగలేదు. అప్పటికే ఆ ఏడాది కొవిడ్ వల్ల మార్డిగ్రా ఊరేగింపులు రద్దయ్యాయి. జనం తమ ఇళ్లనే రథాల్లా అలంకరించుకుని సరిపెట్టుకున్నారు. 2022లో ఊరేగింపులు తిరిగి మొదలైనప్పుడు వాటితోపాటే స్కూలు బ్యాండ్లు మళ్లీ వీధికెక్కాయి.

న్యూ ఆర్లియన్స్‌లో హరికేన్ల కాలం జూన్ నుంచి నవంబర్ దాకా. బడి తెరిచే ముందు కొత్త పిల్లలను చేర్చుకుని వరుసలో నడవడం, ఊపిరి బిగబట్టి బాకా ఊదడం నేర్పేది కూడా ఆ నెలల్లోనే. ఒక చెవి వాతావరణ హెచ్చరికల మీద వేసి, బ్యాండు మాస్టార్లు ఏటా ఆగస్టులో మొదటి పాఠం చెబుతూనే ఉన్నారు.