చేతితుపాకి ఎంపిక: వాడినవారి మాట, కొలిచినవారి లెక్క

1905వ సంవత్సరము అక్టోబరు మాసములో, ఫిలిప్పీను దీవులలోని సమార్ అను దీవియందు, ఆంటోనియో కాస్పీ అను ఖైదీ తప్పించుకొనుటకు ప్రయత్నించెను. అమెరికా సైనికులు 0.38 అంగుళపు రివాల్వరుతో అతి సమీపమునుండి అతనిని నాలుగు మారులు కాల్చిరి. మూడు గుండ్లు రొమ్మున దూరినవి. నాలుగవది చేతికి తగిలినది. అయినను అతడు పెనుగులాట మానలేదు. చివరకు తుపాకి మడమతో నుదుట కొట్టగా నిశ్చేష్టుడయ్యెను. అమెరికా సైన్యవైద్యుడు లూయీ లాగార్డు తుపాకి గాయములపై తాను వ్రాసిన గ్రంథములో ఈ ఉదంతమును చేర్చెను.

అమెరికా సైన్యము 0.38 రివాల్వరును విడిచి 0.45 అంగుళపు పిస్తోలును ఎందుకు ఎన్నుకొన్నదని అడిగినచో, నేటికిని పలువురు ఈ కథనే చెప్పుదురు. కథ బలమైనదే కాని తేదీ కలియదు. వ్యాసము 0.45 అంగుళమునకు తగ్గరాదని నిపుణుల సంఘము సిఫారసు చేసినది 1904లో. కాస్పీ ఉదంతము జరిగినది ఆ మరుసటి సంవత్సరమున. ఒక ఆయుధమును ఎన్నుకొనుటలో వాడినవారి అనుభవమునకు ఎంత విలువ నీయవలెను, కొలతకు ఎంత విలువ నీయవలెను అను ప్రశ్నకు ఈ పిస్తోలు చరిత్రకంటె మంచి ఉదాహరణము దొరకుట కష్టము.

1873నుండి అమెరికా సైన్యము 0.45 అంగుళపు కోల్టు రివాల్వరును వాడుచుండెను. 1892లో దానికి బదులు 0.38 అంగుళపు కోల్టును ప్రవేశపెట్టిరి. క్రొత్తది తేలిక, ప్రతిమారును సుత్తిని వ్రేలితో వెనుకకు లాగనక్కరలేదు, మీటను నొక్కిన చాలును, వెనుకకు తన్నుటయు తక్కువ. ఏడేండ్లవరకు దీనిపై పెద్ద ఫిర్యాదులు లేవు. 1899లో ఫిలిప్పీను యుద్ధము మొదలైనది. తరువాత దక్షిణ దీవులలో, తమ గడ్డపైకి వచ్చిన పరాయి సైన్యముతో మోరో జాతివారు కత్తులు దూసి పోరాడిరి. గుండ్లు తగిలినను వారు ఆగకుండ మీదికి వచ్చి నరికిరని సైనికులు పైవారికి వ్రాసిరి. ప్రాత 0.45 రివాల్వర్లను గిడ్డంగులనుండి తీసి మరల పంచవలసివచ్చినది.

ఈ సైనికులు అబద్ధమాడిరని ఎవరును అనలేరు. ప్రాణముమీదికి వచ్చినవాని మాట తేలికగా కొట్టివేయదగినదియు కాదు. అయినను ఆ నివేదికలలో ఏమి ఉన్నదో, ఏమి లేదో చూడవలెను. రెండు మూడు గజముల దూరమున కత్తితో పరుగెత్తి వచ్చువానిపై కాల్చినవాడు తన గుండు తగిలినదనియే తలచును. నిజముగా తగిలినది ఎన్ని, తప్పినవి ఎన్ని అనునది అతనికి తెలియదు. ఒక్క గుండుతోనే శత్రువు కూలినపుడు రివాల్వరును మెచ్చుకొనుచు ఎవడును ఉత్తరము వ్రాయడు. కావున వైఫల్యములే కాగితములకెక్కును. మరియొక వైపున, రివాల్వరు పనిచేయక మరణించినవాడు కూడ ఏమియు వ్రాయజాలడు. మొదటి కారణమున వైఫల్యము ఉన్నదానికంటె పెద్దదిగా కనబడును, రెండవ కారణమున చిన్నదిగా కనబడును. ఈ రెండింటిలో ఏది ఎక్కువయో తెలియదు గనుక, ఉత్తరములను ఎన్ని కట్టలు పేర్చినను నూటికి ఎన్నిమారులు విఫలమైనదో చెప్పుటకు వీలులేదు. “ఇక్కడ ఏదో ఉన్నది, పరీక్షించుడు” అని మాత్రము అవి గట్టిగా చెప్పినవి.

ఆ పరీక్ష 1904లో జరిగినది. ఆయుధశాఖకు చెందిన జాన్ థాంప్సన్, వైద్యశాఖకు చెందిన లాగార్డు దీనిని నడిపిరి. వేర్వేరు వ్యాసములు, బరువులు, వేగములు గల గుండ్లను తీసికొని షికాగోలోని కబేళా పశువులపైనను, వైద్యశాలల మృతదేహములపైనను కాల్చి చూచిరి. ఫలితము సైన్యమునకు కావలసినట్లే వచ్చినది: వ్యాసము 0.45 అంగుళమునకు తగ్గరాదు. ఈ ప్రయోగములను నేడు విజ్ఞానశాస్త్ర విద్యార్థి ఎవడైనను చూచినచో పెదవి విరుచును. పశువులు కొద్ది, వాటి బరువులు సమానము కావు, ఒక్కొక్క గుండు ఒక్కొక్క పశువునకు ఒక్కొక్క చోట తగిలినది, కాల్చిన మారులును సమానము కావు. ఇన్ని మారుచుండగా వ్యాసము ఒక్కదాని ప్రభావమును వేరుచేయుట సాధ్యము కాదు. ఆ మూగజీవముల బాధ మాట అటుంచినను, ఇది కొలత వేషము వేసికొన్న అభిప్రాయమే.

“పెద్ద గుండు మనిషిని పడద్రోయును” అను వాదమును ఉన్నతపాఠశాల గణితముతోనే పరిశీలింపవచ్చును. 0.38 రివాల్వరు గుండు బరువు సుమారు 9.7 గ్రాములు, వేగము సెకనుకు సుమారు 235 మీటర్లు. ద్రవ్యరాశిని వేగముతో హెచ్చించినచో ద్రవ్యవేగము సెకనుకు సుమారు 2.3 కిలోగ్రాము-మీటర్లు. తరువాత వచ్చిన 0.45 పిస్తోలు గుండు సుమారు 14.9 గ్రాములు, వేగము సుమారు 250 మీటర్లు, ద్రవ్యవేగము 3.7. ఆ గుండు 60 కిలోల మనిషి శరీరములో పూర్తిగా నిలిచిపోయినను, అతనికి కలుగు వేగము సెకనుకు ఆరు సెంటీమీటర్లు మాత్రమే. మామూలుగా నడచు మనిషి వేగము దీనికి ఇరువది రెట్లకు పైగా ఉండును. న్యూటన్ మూడవ సూత్రమును మరువరాదు: గుండుకు ఎంత ద్రవ్యవేగమో, కాల్చువాని చేతికి వెనుకకు తగులునదియు కనీసము అంతే. శత్రువును ఎత్తి పడవేయగల గుండు కాల్చినవానిని కూడ పడవేయవలసి ఉండును.

మనిషిని వెంటనే ఆపునది మెదడుకో వెన్నుపాముకో తగిలిన దెబ్బ. లేదా గుండెకును పెద్ద రక్తనాళములకును తగిలినచో కొంత ఆలస్యముగా రక్తస్రావము. అనగా ఎక్కడ తగిలినది, ఎంత లోతుకు పోయినది అనునవి ప్రధానము. వ్యాసము పెద్దదైనచో గాయపు బాట కొంత వెడల్పగును, అంతే. అమెరికాలోని ఎఫ్.బి.ఐ. సంస్థ ఈ నిర్ణయమునకు చాల ఖరీదైన దారిని వచ్చినది. 1986 ఏప్రిల్ 11న మియామీ నగరములో జరిగిన కాల్పులలో ఒక 9 మిల్లీమీటర్ల గుండు దుండగుని చేతిగుండ రొమ్ములోనికి పోయి గుండెను చేరకముందే ఆగిపోయినది. ఆ పోరులో ఇద్దరు అధికారులు మరణించిరి. తరువాత ఆ సంస్థ మెత్తని జెలటిన్ దిమ్మెలలోనికి గుండ్లను కాల్చి, కనీసము 12 అంగుళముల లోతుకు పోవు గుండునే అంగీకరింపసాగినది.

సైన్యమునకు రెండవ ప్రశ్న ఒకటి ఉండెను: తూటాలు తమంతట తామే ఎక్కు క్రొత్తరకపు పిస్తోలును నమ్మవచ్చునా? రివాల్వరులో ఒక తూటా పేలకున్నచో మరల మీట నొక్కిన తరువాతి తూటా వచ్చును. ఈ పిస్తోలులోనో, ఖాళీ తొడుగు ఇరుక్కొన్నచో పని ఆగిపోవును. 1907లో స్ప్రింగ్‌ఫీల్డు ఆయుధశాలలో పోటీ పరీక్షలు జరిగినవి. జాన్ బ్రౌనింగు రూపొందించిన కోల్టు పిస్తోలు, సావేజ్ కంపెనీ పిస్తోలు మిగిలినవి. రెండింటిని కొద్ది సంఖ్యలో చేయించి సైనికులకిచ్చి వాడి చూడుడనిరి. వచ్చిన అభిప్రాయములనుబట్టి బ్రౌనింగు తన పిస్తోలును పలుమారులు మార్చెను. గుఱ్ఱపు రౌతులు చెప్పినదొకటి ముఖ్యము: కాల్చుటకు సిద్ధముగా సుత్తి ఎత్తియుంచిన పిస్తోలు చేతనుండగా గుఱ్ఱము బెదరినచో కళ్లెము పట్టుటకు రెండవ చేయి కావలెను, అప్పుడు పిస్తోలును క్షేమముగా చేయు ఉపాయమేది? దాని ఫలితమే బొటనవ్రేలితో ఎత్తదగిన చిన్న అడ్డుమీట.

1911 మార్చిలో తుది పరీక్ష. ఒక్కొక్క పిస్తోలుతో 6000 తూటాలు పేల్చవలెను. ప్రతి 100 తూటాలకు ఐదు నిమిషములు చల్లారనిత్తురు. ప్రతి 1000కి తుడిచి నూనె వేయుదురు. సావేజ్ ముప్పదికి మించిన మారులు మొరాయించినది. కోల్టు ఒక్కమారును మొరాయించలేదు. మార్చి 29న సైన్యము దానిని స్వీకరించినది.

6000 తూటాలెందుకు? ఒకడు క్రొత్త పిస్తోలుతో 200 తూటాలు కాల్చి “ఒక్కమారును ఆగలేదు, బంగారము వంటిది” అని చెప్పెననుకొనుడు. అది నిజముగా సగటున 200 తూటాలకు ఒకమారు మొరాయించునదే అయినచో ఈ మాట చెప్పగలుగుటకు సంభావ్యత ఎంత? ఒక తూటా సరిగా పేలు సంభావ్యత 199/200. దానిని 200 మారులు హెచ్చించినచో సుమారు 0.37 వచ్చును. అనగా అట్టి పిస్తోలును కొన్నవారిలో మూడింట ఒక వంతుకు పైగా నిష్కపటముగానే దానిని నిర్దోషియని మెచ్చుకొందురు.

ఉపాధ్యాయులు దీనిని పాచికతో తరగతిలోనే చూపవచ్చును. 40మంది విద్యార్థులు ఒక్కొక్కరు ఆరుసార్లు పాచికను వేయవలెను. వారిలో సుమారు 13 మందికి “ఒకటి” ఒక్కమారును పడదు. వారి అనుభవమును మాత్రమే వినినచో ఆ పాచికకు ఒకటి అను ముఖమే లేదని నమ్మవలసివచ్చును.

వరుస పరీక్షలలో వైఫల్యము సున్నయైనపుడు, మూడును పరీక్షల సంఖ్యతో భాగించిన వచ్చు విలువకంటె అసలు వైఫల్యపు రేటు ఎక్కువ ఉండదని సుమారు నూటికి 95 పాళ్ల నమ్మకముతో చెప్పవచ్చును. 200 తూటాలు కాల్చిన యజమాని మాటకు విలువ 3/200: అరువదియారింటికి ఒకమారు మొరాయించునదైనను కావచ్చును. 6000 తూటాల పరీక్షకు విలువ 3/6000: రెండువేలకు ఒకటికంటె ఎక్కువ కాదు. సున్న అను అంకె రెండింటను ఒకటే. భేదమంతయు దాని క్రిందనున్న అంకెలో ఉన్నది. ఈ పరీక్షకును ఒక లోటు లేకపోలేదు. కాల్చినది కోల్టువారు ఎంచి తెచ్చిన ఒకే ఒక పిస్తోలు. కార్ఖానాలో లక్షలకొలది తయారగు వానిలో ప్రతిదియు అట్లే ఉండునని ఆ సున్న హామీ ఈయదు.

పరీక్షాశాల చెప్పలేనిదియు కలదు. మొదటి ప్రపంచయుద్ధములో ఈ పిస్తోలు వేలాదిమంది చేతులలో పడిన తరువాత క్రొత్త ఫిర్యాదులు బయలుదేరినవి. సుత్తి వెనుకకు వచ్చినపుడు బొటనవ్రేలికి చూపుడువ్రేలికి నడుమనున్న చర్మము నలుగుచున్నది. పొట్టి వ్రేళ్లవారికి మీట అందుట లేదు. గురిపెట్టక చూపినచో గొట్టము క్రిందికి వాలుచున్నది. బిగింపు యంత్రములో పెట్టి లక్ష తూటాలు పేల్చినను ఇవి తెలియవు. యంత్రమునకు చర్మము లేదు. ఇట్టి విషయములలో పదిమంది ఒకే మాట చెప్పిన చాలును, ఏలయన ప్రతిమారును జరుగు దానికి పెద్ద లెక్క అవసరము లేదు. 1920 తరువాత మీటను పొట్టి చేసిరి, చర్మము నలగకుండ పిడిపై ముక్కును పొడిగించిరి, పిడి వెనుక భాగమును వంచిరి. ఆ మార్పులతో అది 1985వరకు సైన్యపు పిస్తోలుగా నిలిచినది.

ఆ సంవత్సరమున 9 మిల్లీమీటర్ల బెరెట్టా వచ్చినపుడు, 1900 ప్రాంతమున 0.38పై వినబడిన మాటలే ప్రాతకాపులనోట మరల వినబడినవి: గుండు చిన్నది, శత్రువు ఆగడు. 2017లో బెరెట్టాకు బదులు మరియొక పిస్తోలును ఎన్నుకొన్నపుడు కూడ అమెరికా సైన్యము 9 మిల్లీమీటర్ల తూటానే ఉంచుకొన్నది. క్రొత్తదానిలో మాత్రము సైనికుని చేతి కొలతనుబట్టి పిడిని మార్చుకొనవచ్చును.